‘పైనుంచి రాలేదు’ – ఈ జవాబు అల్లాహ్ దగ్గర చెల్లుతుందా?

నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో మాడుగులపల్లి ఉంది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు మండల కేంద్రమైన ఊరు. వడ్ల లారీలు రాత్రింబవళ్లు తిరిగే ఆ రోడ్డు పక్కన ఒక పల్లెలో మేము జుమా నమాజు చేసుకుని బయటికి వచ్చాం. మసీదు మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని, ప్లాస్టిక్ కవరులోని గోలీలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాడు.

“ఏంది చాచా, ఒంట్లో బాగలేదా?” అని అడిగాం.

“షుగరు గోలీలు బేటా. నెలకు సరిపోను ఇస్తరని సర్కారు దవాఖానాకు పోయిన. పది రోజులకే ఇచ్చిండ్రు. మిగతాయి బయట కొనుక్కోమన్నరు.”

“ఎందుకు లేవో అడిగారా?”

“అడిగిన. నర్సమ్మ పైనుంచి రాలేదన్నది. డాక్టరు సారును అడిగితే ఆయనా పైనుంచే రాలేదన్నడు. ఆ పైనున్నోళ్లను అడిగినా గదే అంటరేమో. ఆ పైన ఎవరున్నరో నాకేం ఎరుక?”

ఆయన మామూలుగానే అన్నాడు. మాకు మాత్రం ఆ మాట ఇల్లు చేరేదాకా మనసులో తిరుగుతూనే ఉంది. గోలీ పేదవాడి చేతికి చేరేలోపు ఎన్నో చేతులు మారుతుంది. అది చేరకపోయినా, చేరింది నాసిరకమైనా ఆ చేతుల్లో ఏ ఒక్కటీ ‘తప్పు నాది’ అనదు. పదిమంది కలిసి మోసే బరువు ఎవరి బరువూ కాకుండా పోవచ్చునా? పదిమందిలో పంచితే పాపం తరిగిపోతుందా? ఇది ఆఫీసుల సంగతి మాత్రమే కాదు, మన విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న. దీని గురించే ఈ నెల ఆలోచిద్దాం.

గోలీ నడిచే దారి

ముందుగా మందు ఎలా వస్తుందో తెలుసుకోవాలి. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రులకు కావలసిన మందులను రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ టెండర్లు పిలిచి కొంటుంది. కంపెనీ పంపిన సరుకు జిల్లాల్లోని కేంద్ర ఔషధ గిడ్డంగులకు చేరుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తనకు ఏ మందు ఎంత కావాలో ఇండెంటు పెడితే గిడ్డంగి నుంచి పంపుతారు. సరుకు రాకపోకలను ఈ-ఔషధి అనే కంప్యూటర్ వ్యవస్థలో రాస్తారు. ఇండెంటు రాసిన ఫార్మసిస్టు, సంతకం చేసిన డాక్టరు, గిడ్డంగి అధికారి, టెండరు కమిటీ, బిల్లు చెల్లించే ఆర్థిక శాఖ, మందు తయారుచేసిన కంపెనీ, నాణ్యత పరీక్షించిన ల్యాబు... ఒక గోలీ వెనుక ఇందరున్నారు.

ఈ దారిలో ఎక్కడ తెగినా గొలుసు తెగినట్లే. ఇండెంటు ఆలస్యంగా పెడితే మందు రాదు. బిల్లులు నెలల తరబడి ఆగితే కంపెనీ సరుకు ఆపేస్తుంది. ఒక దవాఖానాలో గడువు తీరి పారబోసే మందు పక్క దవాఖానాలో దొరకకపోవచ్చు. మన దగ్గర మందుల తయారీకి కొదవ లేదు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ హైదరాబాదులో ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత ఆ నగరం దేశంలోనే మందుల తయారీకి పెద్ద కేంద్రంగా ఎదిగింది. అక్కడ తయారైన గోలీలు ఓడలెక్కి ఖండాలు దాటుతున్నాయి. అక్కడికి కొద్ది గంటల దూరంలో మన చాచా మాత్రం ఖాళీ కవరు పట్టుకుని కూర్చున్నాడు. మందు లేకపోవడం వేరు, ఉన్న మందు చేరకపోవడం వేరు. మొదటిది లేమి. రెండవది అమానతు తప్పడం.

వాన మీద నెపం

మహాప్రవక్త (సఅసం) జీవితంలోని ఒక సంఘటన మనందరికీ తెలిసిందే. ఆయన మదీనా బజారులో ధాన్యపు కుప్ప పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. అలాంటప్పుడు జనానికి కనబడేలా తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడు మావాడు కాడని హెచ్చరించారు.

ఇక్కడ మనం సాధారణంగా గమనించని విషయం ఒకటుంది. ఆ వ్యాపారి చెప్పింది అబద్ధం కాదు. వాన నిజంగానే పడింది. ఒక రకంగా అతని జవాబు కూడా ‘పైనుంచి వచ్చింది’ అన్నదే. దైవప్రవక్త (సఅసం) వాన గురించి వాదించలేదు. వాన ఎందుకు పడనిచ్చావని అతన్ని నిలదీయలేదు. తడిని ఎందుకు దాచావని అడిగారు. కష్టం రావడం మనిషి చేతిలో లేకపోవచ్చు. దాన్ని దాచిపెట్టడమో, బయటికి చెప్పడమో పూర్తిగా మనిషి చేతిలోనే ఉంది. జవాబుదారీతనం అక్కడి నుంచే మొదలవుతుంది.

దీన్ని మన దవాఖానాకు అన్వయించి చూడండి. ఒక నెల మందు రాకపోవడం ‘వాన’ కావచ్చు. టెండరు ఆగి ఉండవచ్చు, నిధులు రాకపోయి ఉండవచ్చు. అయితే ఏ మందు ఉంది, ఏది లేదు, లేనిదాన్ని ఎప్పుడు అడిగారు, ఎవరిని అడిగారు అన్నది గోడ మీద రాసి పెట్టడానికి నిధులు అక్కరలేదు, ఒక సుద్దముక్క చాలు. ఆ నాలుగు మాటలు రాసిన ఉద్యోగి తన భాగం బరువు దించుకున్నట్లే. రాయకుండా ‘పైనుంచి రాలేదు’ అని మాత్రమే చెప్పినవాడు తడి ధాన్యాన్ని లోపల దాచినవాడితో సమానం.

కంటికి కనబడని తూకం

దివ్యఖుర్ఆన్‌లో అల్ ముతఫ్ఫిఫీన్ సూరా, తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదనే హెచ్చరికతో మొదలవుతుంది. ఆ మాట వినగానే మనకు కిరాణా కొట్టు తక్కెడ గుర్తుకొస్తుంది. బియ్యం తూకంలో తేడా వస్తే మన ఇంటి ఆడవాళ్లు వెంటనే పసిగడతారు. 500 మిల్లీగ్రాములని ముద్రించిన గోలీలో 300 మిల్లీగ్రాముల మందే ఉంటే ఏ కన్ను పట్టగలదు? జ్వరం తగ్గకపోతే అది రోగం తప్పనుకుంటాం, డాక్టరు తప్పనుకుంటాం, చివరికి విధి అనుకుంటాం. గోలీలో తగ్గించిన మందు కూడా తూకంలో మోసమే. కిరాణా మోసంలో పోయేది రూపాయి, ఇక్కడ పోయేది ప్రాణం.

ఇది ఊహ కాదు. అల్ప, మధ్యాదాయ దేశాల్లో వైద్య ఉత్పత్తుల్లో పదింటిలో ఒకటి నాసిరకమో నకిలీయో అయి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. 2024 మార్చిలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు అసలు ఉనికిలోనే లేని ఒక కంపెనీ పేరుతో అమ్ముతున్న యాంటీబయాటిక్‌లను పట్టుకున్నారు. పరీక్షిస్తే వాటిలో మందే లేదు, సుద్దపొడి, పిండి ఉన్నాయి. ఆ గోలీలు ఎన్ని ఇళ్లకు చేరాయో, ఎంతమంది తల్లులు పిల్లల నోట్లో వేసి ‘బిస్మిల్లాహ్’ అన్నారో ఆ సర్వజ్ఞుడికే తెలుసు.

పసిపిల్లల ప్రాణం ఎవరి లెక్కలో?

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లల మూత్రపిండాలు చెడిపోయి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఐదేళ్ల లోపువారు. కోల్డ్రిఫ్ అనే ఆ సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. ఎస్ఆర్-13 అనే బ్యాచ్‌ను పరీక్షించగా డై ఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48.6 శాతం ఉందని తేలింది. అది 0.1 శాతం మించకూడదు. తెలంగాణ అధికారులు కూడా ఆ బ్యాచ్‌ను వాడవద్దని ప్రజలను హెచ్చరించారు.

ఈ విషం కొత్తది కాదు. 1937లో అమెరికాలో ఇదే పదార్థం కలిసిన మందు తాగి 100 మందికి పైగా చనిపోయారు. అమ్మే ముందు మందు ప్రమాదకరమో కాదో పరీక్షించాలని అప్పటి చట్టంలో లేదు. అందువల్ల ఆ కంపెనీ మీద పెట్టగలిగిన కేసు సీసా మీద పేరు తప్పుగా వేశారన్నదే! కంపెనీ యజమాని తమ బాధ్యత ఏమీ లేదని ప్రకటించాడు. ఆ మందును తయారుచేసిన రసాయన నిపుణుడు ప్రాణం తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో ఇదే విషం కలిసిన గ్లిజరిన్ వల్ల 14 మంది రోగులు చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారిస్తే, మందు కొన్నవారి నుంచి తనిఖీ చేయవలసినవారి దాకా లోపాలు బయటపడ్డాయి. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాలకు మన దేశం నుంచి వెళ్లిన సిరప్‌లతో సంబంధం ఉందన్నారు. 1937 నుంచి 2025 దాకా విషం ఒక్కటే, నిర్లక్ష్యమూ ఒక్కటే. మారింది తల్లుల పేర్లే.

ఛింద్వాడా ఘటనలో పిల్లలకు ఆ సిరప్ రాసిన డాక్టరును ముందుగా అరెస్టు చేశారు. తర్వాత కంపెనీ యజమానిని పట్టుకున్నారు. తమిళనాడులో తనిఖీ చేయని డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను సస్పెండ్ చేశారు. డాక్టరు అరెస్టుపై వైద్యుల సంఘం నిరసన తెలిపింది. ప్రభుత్వం అనుమతించిన మందును రాయడమే నేరమైతే ఇక ఎవరు వైద్యం చేయగలరని వారు అడిగారు. ఇది న్యాయమైన ప్రశ్నే. మన ధర్మశాస్త్రం దీనికి దారి చూపిస్తుందా?

పాపం వేరు, పూచీ వేరు

చూపిస్తుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి పూచీ పడాలని హదీసులో ఉంది. తెలియక, పొరపాటున ఒక ప్రాణం పోతే ఆ మనిషిని హంతకుడని అనరు. అయినా అన్-నిసా సూరా అతని మీద పరిహారం, ప్రాయశ్చిత్తం విధించింది. అంటే ఇస్లాంలో పాపం, పూచీ అనేవి రెండు వేర్వేరు విషయాలు. పాపం మనసులోని సంకల్పాన్ని బట్టి, పూచీ జరిగిన నష్టాన్ని బట్టి ఉంటాయి. ‘నాకు దురుద్దేశం లేదు’ అన్న మాట మొదటిదాన్ని తొలగించవచ్చు. రెండవదాన్ని తొలగించదు.

అలాగే, ఒకడు చేతితో నష్టం కలిగించి మరొకడు దానికి కారకుడైనప్పుడు ముందు చేసినవాడినే పట్టుకోవాలన్నది ఫిఖహ్ పండితుల సాధారణ సూత్రం. అయితే ఆ చేసినవాడే మోసపోయి ఉంటే బరువు మోసగించినవాడి మీదికి మళ్లుతుందని పలువురు పండితులు వివరించారు. ఈ కొలబద్దతో చూస్తే గొలుసులో ప్రతి చేయికీ దాని లెక్క దానికి వస్తుంది. విషం కలిసిందని తెలియక, నమ్మకంగా సిరప్ రాసిన డాక్టరు మోసపోయినవాడు. కంపెనీ ఇచ్చే కమీషన్ కోసం రాసి ఉంటే అతని లెక్క మారిపోతుంది. ముడిసరుకును పరీక్షించకుండా సీసాల్లో నింపినవాడు మోసగించినవాడు. తనిఖీకి జీతం తీసుకుని తనిఖీకి వెళ్లనివాడు అమానతు తప్పినవాడు.

పదిమంది చేతులున్నాయి కాబట్టి పాపం పదో వంతవుతుందని అనుకోవద్దు. దీపం నుంచి పది దీపాలు వెలిగిస్తే మొదటి దీపం వెలుగు తగ్గదు. అన్యాయమూ అంతే. ఒకరి భారాన్ని మరొకరు మోయరని ఖుర్ఆన్ పదేపదే చెబుతుంది. వినికిడి, చూపు, హృదయం... వీటన్నిటి గురించీ ప్రశ్నిస్తామని అల్ ఇస్రా సూరా హెచ్చరిస్తుంది. ఆ రోజున ‘శాఖ’ను నిలబెట్టరు, ‘కమిటీ’ని నిలబెట్టరు. మనిషిని నిలబెడతారు, ఒంటరిగా.

తండ్రి ఇంట్లో కూర్చుంటే వచ్చేదా?

జకాతు వసూలుకు వెళ్లిన ఒక ఉద్యోగి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా ఇచ్చారు అని వేరుచేశాడు. దైవప్రవక్త (సఅసం) మింబరు మీద నిలబడి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. మందులు కొనే ప్రతి అధికారీ, రాసే ప్రతి డాక్టరూ తమను తాము అడుగుకోవలసిన ప్రశ్న ఇదే. కంపెనీలు డాక్టర్లకు కానుకలు ఇవ్వకూడదని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం నియమావళి ప్రకటించింది. మన ప్రవక్త (సఅసం) పద్నాలుగు వందల ఏళ్ల కిందటే ఆ తలుపు మూశారు.

2019 సెప్టెంబరులో తెలంగాణ కార్మిక బీమా వైద్య సేవల శాఖలో మందుల కొనుగోళ్ల వ్యవహారం బయటపడింది. ఎక్కువ ధరలకు, దొంగ ఇండెంట్లతో మందులు కొన్నారన్న ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ ఆ శాఖ సంచాలకురాలిని, మరికొందరిని అరెస్టు చేసింది. ఎవరు దోషులో తేల్చేది న్యాయస్థానం. మనం ఆలోచించవలసింది ఆ డబ్బు ఎవరిదన్నది. ఈఎస్ఐలో చేరిన కార్మికుడి వేతనం నుంచి నెలనెలా 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం జమవుతుంది. సిమెంటు దుమ్ము పీల్చినవాడి చెమట అందులో ఉంది. అలాంటి సొమ్ముతో కొనే మందులో రూపాయి తిన్నవాడు యతీముల సొమ్ము తిన్నవాడికంటే మెరుగా?

ఈ జబ్బు మన ఒక్క చోటే లేదు. ఆఫ్రికాలోని జాంబియాలో రోగులకు ఉచితంగా ఇవ్వమని దానంగా వచ్చిన మందులు దుకాణాల్లో అమ్ముడవుతున్నాయని తేలింది. దాంతో 2025 మేలో అమెరికా తన మందుల సహాయంలో 5 కోట్ల డాలర్లు కోత వేస్తున్నట్లు ప్రకటించింది. దొంగిలించింది కొందరు, శిక్ష పడింది రోగులకు. అమానతు తప్పినప్పుడు మొదట దెబ్బ తినేది ఎప్పుడూ పేదవాడే.

లెక్క అడగడం దురనుమానమా?

కొందరు ధర్మపరులు ఇలా అంటారు: “తోటివారిని అనుమానించవద్దని మన ధర్మం చెబుతుంది కదా, ఉద్యోగులను లెక్క అడగడం అనుమానించడం కాదా?” హజ్రత్ ఉమర్ (రజి) తాను నియమించిన గవర్నర్ల ఆస్తిని ముందుగానే రాయించేవారు. ఫిర్యాదు వస్తే హజ్రత్ ముహమ్మద్ బిన్ మస్లమా (రజి)ను విచారణకు పంపేవారు. ఆ గవర్నర్లలో గొప్ప సహాబాలున్నారు. వారిని లెక్క అడగడం అవమానం కానప్పుడు మన కాలపు అధికారిని అడగడం అవమానం ఎలా అవుతుంది? ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును రాసుకుని సాక్షులను పెట్టుకోమని చెప్పేదే. అది విశ్వాసులకే చెప్పిన మాట. రాసిన లెక్క నమ్మకాన్ని కాపాడుతుంది, చెడగొట్టదు.

లెక్క సరిగా పెడితే వ్యవస్థ బాగుపడుతుందనడానికి పొరుగునే నిదర్శనం ఉంది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. జిల్లాల్లో గిడ్డంగులు కట్టింది. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చింది. ఎంత విలువైన మందు తీసుకున్నారో, ఎంత మిగిలిందో అందులో ఉంటుంది. వచ్చిన సరుకు నమూనాలను కంపెనీ పేరు తెలియకుండా కోడ్ వేసి ల్యాబుకు పంపే పద్ధతి పెట్టింది. తర్వాత పలు రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. అక్కడా లోపాలు ఉండవచ్చు. అయినా పాస్‌బుక్ ఉన్నచోట ‘పైనుంచి రాలేదు’ అనడం అంత తేలిక కాదు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. లెక్క అడగడమంటే దొరికిన చిన్న చేతిని విరవడం కాదు. ఏ తప్పు జరిగినా నర్సును, ఫార్మసిస్టును బలిపెట్టి పైవారు తప్పించుకుంటే అది రెండో అన్యాయం. భయంతో అధికారి ఏ ఫైలు మీదా సంతకం చేయకపోతే మందు మరీ రాదు. న్యాయమంటే ఎవరి బరువు వారి మీద పెట్టడం.

మన చేతుల సంగతి

ఇంతసేపూ ఇతరుల చేతుల గురించి మాట్లాడాం. గొలుసులో చివరి చేయి మనది. దాని మాటేమిటి? మనలో మందుల షాపులు నడిపేవారున్నారు, కంపెనీ ఏజెంట్లున్నారు, దవాఖానా ఉద్యోగులున్నారు. చౌకగా వస్తుందని బిల్లు లేని సరుకు తెచ్చి అమ్మితే అందులో సుద్దపొడి ఉండదని హామీ ఎవరిస్తారు? ‘అమ్మకానికి కాదు’ అని ముద్రించిన సర్కారు మందును షాపులో పెట్టి అమ్మడం సరాసరి దొంగ సొమ్ము వ్యాపారమే. గడువు తీరిన సీసా మీద తేదీ చెరిపేసినవాడు నమాజులో ముందు వరుసలో నిలబడినా అతని పక్కన ఆ రోగి ఫిర్యాదు కూడా నిలబడి ఉంటుంది.

కొనేవారి బాధ్యత కూడా చిన్నది కాదు. మందు కొన్నప్పుడు బిల్లు అడగండి, అందులో బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయ్యింది. మీ పిల్లల ఫోనుతో దాన్ని చూపించి సరిచూసుకోవచ్చు. కొన్న మందు మీద అనుమానం వస్తే 1940 నాటి ఔషధాల చట్టంలోని 26వ సెక్షను కింద ఎవరైనా నిర్ణీత ఫీజు కట్టి ప్రభుత్వ పరీక్షకు పంపవచ్చు. మీ దవాఖానాకు ఏ మందు ఎంత వచ్చిందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మండల స్థాయి కార్యాలయానికి ఫీజు 5 రూపాయలు, ఆపై వాటికి 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చదువుకున్న యువకులు మసీదు కమిటీ తరఫున ఈ పని చేస్తే హిందూ, ముస్లిం తేడా లేకుండా ఊరంతటికీ మేలు జరుగుతుంది. అది ఫర్జె కిఫాయా లాంటి బాధ్యత. ఊళ్లో కొందరు నెరవేరిస్తే అందరి మీదినుంచీ దిగుతుంది. ఒక్కరూ చేయకపోతే అందరూ జవాబు చెప్పవలసి వస్తుంది.

ఫురాత్ నది ఒడ్డున ఒక మూగజీవి చనిపోయినా దాని గురించి అల్లాహ్ తనను అడుగుతాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని చరిత్రకారులు చెబుతారు. ఆయన మదీనాలో ఉన్నారు, ఫురాత్ ఎక్కడో ఇరాఖ్‌లో ఉంది. దూరం ఆయనకు సాకు కాలేదు. మనకు మన మండల దవాఖానా కూడా దూరమేనా?

మసీదు మెట్ల మీద చాచా అడిగాడు, ఆ పైన ఎవరున్నారని. నర్సు పైన డాక్టరు, డాక్టరు పైన అధికారి, అధికారి పైన మంత్రి. ఆ వరుస ఎంత పొడవైనా ఒక చోట ఆగుతుంది. అందరికీ పైనున్నవాడి దగ్గర ఆగుతుంది. ఆయన దగ్గరి నుంచి రావలసింది ఏదీ ఆగలేదు. భూమిలో ఔషధాన్ని పెట్టాడు, దాన్ని కనిపెట్టే బుద్ధిని ఇచ్చాడు, తయారుచేసే చేతులనిచ్చాడు. ప్రతి వ్యాధికీ మందును కూడా దించాడని మన ప్రవక్త (సఅసం) తెలిపారు. పైనుంచి వచ్చింది. మధ్యలో ఆగింది. ఎక్కడ ఆగిందో, ఎవరి చేతిలో ఆగిందో ఆయనకు తెలుసు.

ఓ అల్లాహ్! మా చేతుల్లో ఉంచిన అమానతులను హక్కుదారులకు చేర్చే భాగ్యం మాకు ప్రసాదించు. రోగుల ముందు, పసిపిల్లల తల్లుల ముందు, నీ ముందు తలదించుకోవలసిన స్థితి మాకు రానీయకు. ఆమీన్.